ఎలుకల్లో దీర్ఘకాలిక నొప్పి మోడళ్లు: ఎంచుకోవడం, పెట్టడం, కొలవడం

వరంగల్, కరీంనగర్ వైపు ఫార్మసీ కాలేజీల్లో నొప్పి మీద ప్రాజెక్టు అనగానే ముందు ఒక ఆకు పేరు వినిపిస్తుంది. వావిలాకో, నల్లేరో, నిజామాబాద్ పసుపో. సారం తీస్తారు, హాట్ ప్లేట్ మీద ఎలుకను పెడతారు, ఎసిటిక్ యాసిడ్ ఇచ్చి మెలికలు లెక్కపెడతారు. థీసిస్ పేరులో మాత్రం 'దీర్ఘకాలిక నొప్పి' అని ఉంటుంది. ఇక్కడే మొదటి తప్పు. 55 డిగ్రీల ప్లేట్ మీద ఎలుక పాదం నాకడం, కడుపులో మంటకు మెలికలు తిరగడం క్షణాల, నిమిషాల నొప్పి. వారాల తరబడి ఉండే నొప్పిలో నరం, వెన్నుపాము పనిచేసే తీరే మారిపోతుంది. హాట్ ప్లేట్ మీద బాగా పనిచేసిన మందు షుగర్ ఉన్నవాళ్ల అరికాళ్ల మంటలకు పనిచేస్తుందని చెప్పడానికి ఆధారం లేదు.

ఏ నొప్పికి ఏ మోడల్

మోడల్ అంటే రోగి నొప్పిని పోలిన నొప్పిని ఎలుకలో తెప్పించడం. రోగి మాట నుంచి మొదలుపెట్టండి. తుంటి నుంచి పిక్క దాకా గుంజుతుందంటే నరం నొక్కుకుపోయిన నొప్పి, దానికి తొడ వెనక దిగే సయాటిక్ నరం మోడల్. తిమ్మిర్లు, మంటలు, షుగర్ ఉంటే ఎలుకకు షుగర్ తెప్పించే స్ట్రెప్టోజోటోసిన్. క్యాన్సర్ మందు మొదలయ్యాక చల్లనీళ్లు తగిలితే కరెంటు కొట్టినట్టుంటే పాక్లిటాక్సెల్ లేదా ఆక్సాలిప్లాటిన్. మెట్లు ఎక్కలేని మోకాలి అరుగుదలకు కీలు మృదులాస్థిని దెబ్బతీసే మోనో అయోడో ఎసిటేట్. వాపుతో కూడిన నొప్పికి సీఎఫ్‌ఏ (కంప్లీట్ ఫ్రాయిండ్స్ అడ్జువెంట్, వాపు తెప్పించే మిశ్రమం).

మోడల్ నమ్మదగినదా అని చూడటానికి తేలిక దారి ఒకటుంది. మనుషుల్లో ఆ నొప్పికి పనిచేసే మందు ఇక్కడా పనిచేయాలి, పనిచేయని మందు ఇక్కడా పనిచేయకూడదు. ఇండోమెథాసిన్ సీఎఫ్‌ఏ వాపు నొప్పిని తగ్గిస్తుంది. నరం నొప్పికి ఆ జాతి మందులు పెద్దగా పనికిరావు, గాబాపెంటిన్ పనిచేస్తుంది. నరం మోడల్‌లో గాబాపెంటిన్ గ్రూపు స్పందించకపోతే మీ సారం ఫలితాన్ని పక్కన పెట్టి, ముందు మోడల్‌లో తప్పు వెతకండి.

ఇలా చూసినా పూర్తి భరోసా ఉండదు. న్యూరోకైనిన్-1 గ్రాహకాన్ని అడ్డుకునే మందులు జంతువుల్లో నొప్పిని తగ్గించాయి, మనుషుల పరీక్షల్లో తేలిపోయాయి. అందుకే ఒక్క మోడల్, ఒక్క పరీక్షతో పెద్ద మాటలు రాయకూడదు.

అనుమతి, జంతువులు, గది

1960 నాటి జంతు హింస నివారణ చట్టం, దాని కింద వచ్చిన 1998 నియమాల ప్రకారం సంస్థాగత జంతు నైతిక కమిటీ అనుమతి లేకుండా ఒక్క ఎలుకను కూడా ముట్టుకోకూడదు. ఆ అనుమతికి పెట్టే దరఖాస్తు ఫారం-బీలో మోడల్ పేరు రాస్తే సరిపోదు. జంతువుల సంఖ్య ఎలా వచ్చింది, నొప్పి ఎంత దాటితే ప్రయోగం ఆపేస్తారు, ఆపరేషన్ తర్వాత నొప్పి మందు ఎందుకు ఇస్తారు లేదా ఎందుకు ఇవ్వరు అన్న మూడింటికీ సూటిగా జవాబు ఉండాలి. కమిటీ ఎక్కువగా వెనక్కి పంపేది వీటి దగ్గరే. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 1983లో ఇచ్చిన మార్గదర్శకాల సారం కూడా ఇదే: అవసరమైనంత తక్కువ నొప్పి, అవసరమైనంత తక్కువ కాలం. మత్తుకు వాడే కెటమిన్ షెడ్యూల్ ఎక్స్ (గట్టి నియంత్రణ ఉన్న) మందు కాబట్టి దాని స్టాక్ రిజిస్టర్ వేరుగా, రోజువారీగా ఉండాలి.

180–220 గ్రాముల విస్టార్ లేదా స్ప్రాగ్ డాలీ ఎలుకలు తీసుకోండి. ఒకే ప్రయోగంలో రెండు జాతులు కలపవద్దు, మధ్యలో సరఫరాదారును మార్చవద్దు. హైదరాబాద్ నుంచి తెస్తుంటే తెల్లవారుజామున బయల్దేరాలి. మే నెల మధ్యాహ్నం వ్యానులో వచ్చిన ఎలుక వారం దాకా కోలుకోదు. వచ్చాక కనీసం 7 రోజులు అలవాటు పడనివ్వండి. గది 22 డిగ్రీలకు అటూ ఇటూ 2, 12 గంటలు వెలుగు, 12 గంటలు చీకటి. వేసవిలో కరెంటు పోయి గది 34 డిగ్రీలకు చేరితే ఆ రోజు కొలత వదిలేయండి. పాదం చర్మం వేడెక్కితే వేడి పరీక్షలో కాలు త్వరగా లాగుతుంది, అది నొప్పి పెరిగినట్టు కనిపిస్తుంది. వెసులుబాటు ఉంటే నరం మోడల్‌ను నవంబర్–ఫిబ్రవరి మధ్య పెట్టుకోవడం మంచిది.

మగ ఎలుకలతోనే చేయడం అలవాటైపోయింది. నొప్పిలో రోగనిరోధక కణాల పాత్ర మగ, ఆడ ఎలుకల్లో వేరుగా ఉంటుందని 2015లో చూపించారు. రెండూ పెట్టగలిగితే పెట్టండి. కుదరకపోతే 'మగ ఎలుకల్లో' అనే మాట థీసిస్ శీర్షికలోనే ఉండనివ్వండి.

గ్రూపులు, మోతాదు లెక్క

షామ్, వెహికిల్ (మందు లేని ఉత్త ద్రావణం) ఇచ్చిన నరం గ్రూపు, గాబాపెంటిన్ గ్రూపు, సారం మూడు మోతాదుల్లో. మొత్తం ఆరు. గ్రూపుకు 8 అనుకుంటే 48, ఆపరేషన్‌లో పోయేవి, మోడల్ రానివి కలుపుకుని 54 అడగండి. షామ్ అంటే మత్తిచ్చి, కోసి, నరాన్ని బయటికి కనపడేలా చేసి, ముడి వేయకుండా మూసేయడం. ఊరికే పక్కన కూర్చోబెట్టిన ఎలుక షామ్ కాదు.

నోటి ద్వారా 10 మి.లీ./కిలో ఇస్తే లెక్క తేలిక. 200 గ్రాముల ఎలుకకు 2 మి.లీ. గాబాపెంటిన్ 100 మి.గ్రా./కిలో కావాలంటే మి.లీ.కి 10 మి.గ్రా. ఉండేలా 0.5 శాతం సీఎంసీ (కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్) ద్రావణంలో కలపండి. సారం కిందికి దిగుతుంది కాబట్టి ప్రతి సిరంజీకి ముందు సీసా ఊపాలి. ఊపకపోతే మొదటి ఎలుకకు నీళ్లు, చివరి ఎలుకకు మడ్డి అందుతుంది.

మందు ఏ రోజు మొదలుపెడతారన్నది మోతాదు కంటే పెద్ద ప్రశ్న. ఆపరేషన్ రోజు నుంచే ఇస్తే అది నివారణ. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి ఓపీలో లైన్ కట్టేవాళ్లు నొప్పి ముదిరాకే వస్తారు. చికిత్స అని రాయాలంటే నొప్పి వచ్చిందని కొలిచి నిర్ధారించుకున్నాక, అంటే 7వ లేదా 10వ రోజు నుంచి ఇవ్వాలి. ఫలితం అంత గొప్పగా రాకపోవచ్చు, కానీ దాని మీద నిలబడవచ్చు.

సయాటిక్ నరానికి నాలుగు వదులు ముడులు

బెనెట్, షీ 1988లో చెప్పిన సీసీఐ (నరాన్ని దీర్ఘకాలం నొక్కి ఉంచే) పద్ధతి మన దగ్గర ఎక్కువగా వాడుకలో ఉంది. కెటమిన్ 75, జైలజిన్ 10 మి.గ్రా./కిలో కడుపులోకి ఇవ్వండి. వెనక పాదం వేళ్ల మధ్య గట్టిగా గిల్లినా కాలు లాగకపోతేనే కత్తి పట్టాలి. కళ్లు తెరిచే ఉంటాయి కాబట్టి ఆయింట్‌మెంట్ రాయండి, కింద 37 డిగ్రీల ప్యాడ్ వేయండి. మత్తులో పోయే ఎలుకల్లో చాలావాటిని చంపేది మందు మోతాదు కాదు, ఒళ్లు చల్లబడటం.

ఎడమ తొడ బయటి వైపు వెంట్రుకలు తీసి పోవిడోన్ అయోడిన్ రాయాలి. తొడ ఎముకకు సమాంతరంగా, కాస్త కిందగా 1.5–2 సెం.మీ. చర్మం కోయండి. బైసెప్స్ ఫిమోరిస్ కండరాన్ని కోయవద్దు. పొరల మధ్య మొద్దు కొన కత్తెర దూర్చి తెరుస్తూ విడదీయాలి. కండరం తెగితే రక్తం, వాపు, దాని నొప్పి వేరుగా వస్తాయి, షామ్ గ్రూపు కూడా పాడవుతుంది. తెల్లగా మెరుస్తూ సయాటిక్ నరం కనిపిస్తుంది. అది మూడుగా చీలే చోటుకు పైన, తొడ మధ్యలో, సుమారు 7 మి.మీ. మేర చుట్టూ అంటుకున్న పొరను నెమ్మదిగా తప్పించండి. నరాన్ని ఫోర్‌సెప్స్‌తో పట్టి ఎత్తకూడదు, గాజు కొక్కెం కిందనుంచి పోనివ్వాలి.

4-0 క్రోమిక్ క్యాట్‌గట్‌ను ప్యాకెట్‌లోంచి తీసి సెలైన్‌లో బాగా కడగండి, ఆల్కహాల్ నరానికి తగలకూడదు. 1 మి.మీ. ఎడంతో నాలుగు ముడులు. బిగింపు ఎంత? మాగ్నిఫయర్‌లో చూస్తే నరం వ్యాసం లేశమంత నొక్కుకుపోయినట్టు కనిపించాలి, పైనున్న రక్తనాళంలో రక్తం ఆగకూడదు. పిక్క చిన్నగా ఒకసారి అదిరితే అక్కడే ఆపేయండి. క్యాట్‌గట్ తర్వాత ఉబ్బుతుంది. అసలు బిగింపు అది ఇస్తుంది, మీ వేళ్లు కాదు. ఈ మోడల్‌లో సిల్క్ దారం వాడితే ఆ ఉబ్బు రాదు, క్యాట్‌గట్ రేపే మంటా అంతగా రాదు.

కండరం పొరకు కరిగే దారం, చర్మానికి సిల్క్. 5 మి.లీ./కిలో వెచ్చని సెలైన్ చర్మం కింద ఇస్తే ఎలుక త్వరగా లేస్తుంది. బోనులో మెత్తటి పరుపు వేయండి, తీగల అడుగున్న బోను వద్దు.

నాలుగైదు రోజులకు పాదం కొద్దిగా పక్కకు తిప్పి, వేళ్లు దగ్గరగా ముడిచి, బరువు పెట్టకుండా కాపాడుకుంటూ ఉంటుంది. నొప్పి 10–14 రోజుల మధ్య గరిష్ఠం, సుమారు రెండు నెలలు ఉంటుంది. పాదం పూర్తిగా వేలాడి, గిల్లినా పట్టించుకోకపోతే ముడి ఎక్కువ బిగిసింది. ఈ ఎలుక ప్రమాదకరం: దానికి స్పర్శే లేదు, కొలతకు గుచ్చే నైలాన్ ఫిలమెంట్‌కు కాలు తీయదు, మందు గ్రూపులో ఉంటే 'అద్భుతంగా నయమైంది' అని లెక్కలోకి ఎక్కుతుంది. ఎలుక తన వేళ్లను తానే కొరుక్కుంటుంటే అదీ చెడు గుర్తే. చివరి కణుపు దాటి కొరికినా, బరువు 20 శాతం తగ్గినా ఆ జంతువును బాధ లేకుండా ముగించాలి. ఆ నిబంధన ఫారం-బీలో ముందే ఉండాలి.

అన్ని ముడులూ ఒకే చేయి వేయాలి. ఇద్దరు విద్యార్థులు సగం సగం చేస్తే రెండు మోడళ్లు తయారవుతాయి. చేయి కొత్తదైతే డెకోస్టర్డ్, వుల్ఫ్ 2000లో చెప్పిన ఎస్ఎన్ఐ (ఒక కొమ్మను మిగిల్చి మిగతావి తెంచే) పద్ధతి మేలని మా అభిప్రాయం. సయాటిక్ మూడుగా చీలే చోట టిబియల్, కామన్ పెరోనియల్ కొమ్మలను 5-0 సిల్క్‌తో గట్టిగా కట్టి, కింద 2–4 మి.మీ. ముక్క తీసేస్తారు. సూరల్ కొమ్మను ముట్టుకోరు, లాగరు. ఇక్కడ 'ఎంత బిగించాలి' అన్న సందేహమే రాదు. నొప్పి నెలల తరబడి నిలకడగా ఉంటుంది. పరీక్ష మాత్రం పాదం బయటి అంచున, సూరల్ నరం మిగిలిన చోట చేయాలి. పాదం నడుమ గుచ్చితే అక్కడ నరమే లేదు. కిమ్, చంగ్ 1992లో చెప్పిన ఎల్5, ఎల్6 వెన్ను నరాల పద్ధతి శుభ్రమైనదే, కానీ ఎల్4కు దెబ్బ తగిలితే కాలే పడిపోతుంది. గురువు పక్కన లేకుండా మొదలుపెట్టవద్దు.

ఆపరేషన్ లేని మోడళ్లు

స్ట్రెప్టోజోటోసిన్ 55 మి.గ్రా./కిలో ఒక్కసారి, కడుపులోకి. 0.1 మోలార్ సిట్రేట్ బఫర్, పీహెచ్ 4.5, ఐసు మీద, రేకు చుట్టిన గొట్టంలో. కలిపిన 10–15 నిమిషాల్లో అయిపోవాలి. 40 ఎలుకలకు ఒకేసారి కలిపితే చివరి పదింటికి షుగర్ రాదు, కారణం ఇదే. నాలుగైదు ఎలుకలకు సరిపడా తూచి విడివిడిగా కలుపుకోండి. మొదటి రాత్రి క్లోమం లోని ఇన్సులిన్ అంతా ఒక్కసారిగా బయటపడి చక్కెర పడిపోతుంది. నీళ్ల బదులు 5 శాతం గ్లూకోజ్ పెట్టకపోతే తెల్లారేసరికి కొన్ని చచ్చిపోయి ఉంటాయి. 72 గంటలకు తోక రక్తంలో 250 మి.గ్రా. దాటినవే ఉంచుకోండి. మూడు, నాలుగు వారాలకు నొప్పి కొలవవచ్చు. పరుపు రోజూ మార్చాలి, తడి పరుపు మీద పాదాలు పుండ్లు పడితే కొలత చెడుతుంది. మీ సారం చక్కెరను కూడా తగ్గిస్తే నొప్పి తగ్గడం దానివల్లేనా అన్న ప్రశ్న తప్పదు. కాబట్టి ప్రతి కొలత రోజూ చక్కెర కూడా చూడండి.

పాక్లిటాక్సెల్ 2 మి.గ్రా./కిలో రోజు విడిచి రోజు నాలుగు సార్లు, మొత్తం 8 మి.గ్రా./కిలో. ఆస్పత్రి వయల్ మి.లీ.కి 6 మి.గ్రా. ఉంటుంది. ఒక వంతుకు రెండు వంతుల సెలైన్ కలిపితే 2 మి.గ్రా. అవుతుంది, 200 గ్రాముల ఎలుకకు 0.2 మి.లీ. కలిపి ఉంచేస్తే స్ఫటికాలు పడతాయి, అప్పటికప్పుడు వాడాలి. కంట్రోల్ గ్రూపుకు ఉత్త సెలైన్ కాదు, మందును కరిగించిన అదే క్రెమోఫోర్, ఆల్కహాల్ మిశ్రమం ఇవ్వాలి. రెండు జతల గ్లవ్స్ వేసుకోండి, వాడిన పరుపును మామూలు చెత్తలో వేయవద్దు. ఇందులో రెండు పాదాలూ నొప్పెడతాయి, ఎదుటి పాదాన్ని కంట్రోల్‌గా వాడుకోలేరు.

సీఎఫ్‌ఏ 100 మైక్రోలీటర్లు అరికాలిలోకి. అందులో చంపిన క్షయ బ్యాక్టీరియా అడుగున చేరుతుంది, ప్రతిసారీ బాగా కలపాలి. పొరపాటున మీ వేలికి గుచ్చుకుంటే పుండు నెలల తరబడి వేధిస్తుంది. కళ్లద్దాలు పెట్టుకోండి, సూది ఊడిపోకుండా బిగిసే లాక్ సిరంజీ వాడండి. మోకాలికి మోనో అయోడో ఎసిటేట్ 1–3 మి.గ్రా., 50 మైక్రోలీటర్లలో, మోకాలు మడిచి, చిప్ప కింది స్నాయువు గుండా. మొదటి వారం ఉండేది వాపు నొప్పి. అరుగుదల నొప్పి అని చెప్పాలంటే 14వ రోజు తర్వాత కొలవాలి.

మిర్చి సంగతీ చెప్పాలి. క్యాప్సేసిన్ (మిర్చి ఘాటుకు కారణమైన పదార్థం) పరీక్షకు ఎనుమాముల మార్కెట్ మిర్చి నుంచి సారం తీద్దామన్న ఉత్సాహం ఇక్కడ సహజం. వద్దు, శుద్ధమైన క్యాప్సేసిన్ కొనండి. పైగా మన చపాటా మిర్చికి పేరొచ్చింది రంగు వల్ల, ఘాటు వల్ల కాదు.

వాన్ ఫ్రే కొలత

వాన్ ఫ్రే అంటే వేర్వేరు బరువుల నైలాన్ పోగులతో పాదాన్ని నొక్కి, ఎంత బరువుకు కాలు లాగుతుందో చూడటం. ఆపరేషన్ ఇరవై నిమిషాల్లో నేర్పవచ్చు, ఈ కొలతకు రెండు వారాలు పడుతుంది. ఫలితాలు చెడేది ఎక్కువగా ఇక్కడే.

తీగ జాలీ మీద అక్రిలిక్ పెట్టెలు, కింద చేయి ఆడేంత ఎత్తు. మూడు రోజుల ముందునుంచే రోజూ అరగంట ఎలుకను అందులో కూర్చోబెట్టండి. కొలిచే రోజు 15–30 నిమిషాలు ఆగాలి. తిరుగుతున్నప్పుడు, ఒళ్లు నాక్కుంటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు కొలవవద్దు. ఫిలమెంట్‌ను కిందనుంచి నిలువుగా తగిలించి, కాస్త వంగేదాకా నొక్కి 6–8 సెకన్లు ఉంచండి. ఒక్కసారిగా గుచ్చితే ఏ ఎలుకైనా ఉలిక్కిపడుతుంది. కాలు చటుక్కున లాగినా, తీసిన వెంటనే విదిలించినా, నాకినా స్పందనే. నడవబోతూ కాలు ఎత్తితే కాదు. అనుమానంగా ఉంటే కాసేపు ఆగి మళ్లీ చూడాలి.

చాప్లాన్ 1994లో ఇచ్చిన పైకి-కిందికి పద్ధతిలో 0.41, 0.70, 1.20, 2.00, 3.63, 5.50, 8.50, 15.10 గ్రాముల ఫిలమెంట్లు. 2 గ్రాములతో మొదలు. స్పందిస్తే కిందిది, స్పందించకపోతే పైది. స్పందన తీరు మొదటిసారి మారాక ఇంకో నాలుగు కొలతలు. 15 దాకా స్పందన లేకపోతే 15 అని, అన్నిటికీ స్పందిస్తే 0.25 అని రాస్తారు. సగం సార్లు కాలు లాగే బరువు = పదిని (ఎక్స్ + కె × 0.224) ఘాతానికి హెచ్చించి 10,000తో భాగించాలి. ఎక్స్ అంటే చివరి ఫిలమెంట్ పిడి మీది అంకె, కె విలువ స్పందనల వరుసను బట్టి పట్టికలో దొరుకుతుంది. పిడి మీద 4.56 ఉంటే అది 3.63 గ్రాములు. ఆ అంకె లాగరిథమ్ అని మరిచి నేరుగా సగటు తీసేవాళ్లు చాలామంది. సగటు, గణాంకాలు లాగ్ విలువల మీద చేయండి. ఆరోగ్యంగా ఉన్న ఎలుక 15 దగ్గర ఉంటుంది, 4 గ్రాముల లోపు పడిపోతే అలోడినియా, అంటే మామూలు తాకిడికే నొప్పి. 7వ రోజు 4 దాటిన నరం ఎలుకలను మందు మొదలుపెట్టకముందే తీసేయాలి, తర్వాత కాదు.

నైలాన్ తేమ పీల్చుకుంటుంది. ఆగస్టు ముసురులో మెత్తబడి తక్కువ బరువు ఇస్తుంది, ఏసీ గదిలో గట్టిపడుతుంది. వారానికోసారి ఎలక్ట్రానిక్ త్రాసు మీద ఐదుసార్లు నొక్కి సగటు చూడండి. 10 శాతం కంటే తేడా ఉన్నది పక్కన పెట్టండి. గది తేమ శాతం కూడా పుస్తకంలో ఎక్కాలి.

మొదటినుంచి చివరిదాకా ఒకరే కొలవాలి. మగ మనుషుల వాసనకే ఎలుకల్లో ఒత్తిడి పెరిగి నొప్పి స్పందన తగ్గుతుందని 2014లో తేలింది. ఇది నవ్వులాటగా అనిపిస్తుంది కానీ, పొద్దున అబ్బాయి, సాయంత్రం అమ్మాయి కొలిచిన పట్టికల్లో తేడా ఎందుకొచ్చిందో తల పట్టుకునేవాళ్లకు పనికొచ్చే విషయం. సీసాల మీద కోడ్ ఇంకొకరు వేయాలి. షామ్ ఎలుకను చూడగానే గుర్తుపడతారు, దాన్ని దాచలేం. నరం గ్రూపుల మధ్య ఎవరికి ఏ మందు అన్నది మాత్రం తెలియకూడదు.

చల్లదనానికి అరికాలికి 50–100 మైక్రోలీటర్ల అసిటోన్ బొట్టు తగిలించి, ఆ తర్వాత నిమిషంపాటు విదిలించడం, నాకడం లెక్కించండి. సిరంజీ కొన పాదానికి తాకకూడదు. పాదం కింద దీపం వేడి పెట్టే హార్‌గ్రీవ్స్ పరీక్షలో మామూలు ఎలుక 10–12 సెకన్లకు కాలు తీసేలా దీపం సర్దుకోండి, 20 సెకన్లకు ఆపకపోతే చర్మం కాలుతుంది. ఏ మోతాదులో నొప్పి తగ్గిందో అదే మోతాదులో రోటారాడ్ (తిరిగే కడ్డీ మీద ఎలుక పడకుండా నిలబడగలదా చూసే పరీక్ష) కూడా చేయాలి. గాబాపెంటిన్ లాగా మత్తు కలిగించే సారం ఇచ్చాక ఎలుక బద్ధకంతో కాలు తీయకపోతే అది నొప్పి నివారణ కాదు.

చివరి రోజు

ఆఖరి కొలత అయ్యాకే రక్తం, కణజాలం తీయండి. కార్బన్ డయాక్సైడ్ వాడితే నిమిషానికి గది పరిమాణంలో 30–70 శాతం చొప్పున నెమ్మదిగా నింపాలి, ముందే నిండిన డబ్బాలో ఎలుకను వేయకూడదు. ముడులు ఉన్న చోటుకు రెండు వైపులా నరం తీసి, సాగకుండా అట్టముక్క మీద పరిచి ఫార్మలిన్‌లో వేయండి, ఏ కొన వెన్ను వైపుదో దారంతో గుర్తు పెట్టండి. అప్పుడే క్యాట్‌గట్ ముడులు ఎన్ని మిగిలాయో, ఎక్కడున్నాయో లెక్కపెట్టి రాయండి. ఒక్క ముడి జారిపోయిన ఎలుక సంగతి కూడా పట్టికలో కనపడాలి.